చిన్న బృందంతో ఇటాలియన్ హాస్య ఒపెరా: ఏ కృతిని ఎంచుకోవాలి, ఎంతవరకు కుదించాలి?

మధ్యమశ్రుతి:

అందరికీ నమస్కారం. మాది వృత్తి గాయకులెవరూ లేని ఒక చిన్న గానబృందం. వారానికి రెండు సాయంత్రాలు కలుసుకొని పాశ్చాత్య బృందగానం సాధన చేస్తుంటాము. ఇంతవరకు వరుసగా నిలబడి, చేతిలో స్వరలిపి పుస్తకం పట్టుకొని పాడడమే తప్ప, వేషం వేసుకొని రంగస్థలం మీద నడుస్తూ పాడిన అనుభవం మాకు లేదు. ఈసారి ఒక ఇటాలియన్ హాస్య ఒపెరాను ప్రదర్శించాలని నిర్ణయించుకున్నాము. సభ్యులలో ఎక్కువమంది రొస్సీని రచించిన 'బార్బర్ ఆఫ్ సెవిల్' వైపు మొగ్గుతున్నారు. అందులో ఫిగరో పాడే పాట ఎప్పుడో ఒకప్పుడు అందరి చెవినా పడినదే కావడం అందుకు ముఖ్య కారణం.

మా బలగం ఇది. మొత్తం ఇరవై రెండు మందిమి. పదిహేను మంది స్త్రీలు, ఏడుగురు పురుషులు. ఒంటరిగా పాడగలవారిలో ఇద్దరు సొప్రానోలు (స్త్రీలలో హెచ్చు గొంతు), ఒక మెజ్జో సొప్రానో (దానికంటె కాస్త తగ్గు), నవ్వించడంలో సిద్ధహస్తుడైన ఒక బారిటోన్ (పురుషులలో నడిమి గొంతు), ఒక బేస్ (మంద్రమైన గొంతు), ఒక టెనర్ (పురుషులలో హెచ్చు గొంతు) ఉన్నారు. టెనర్ గొంతు చాలా మధురమైనది కాని, అరగంట దాటితే అలసిపోతుంది. మంచి పియానో కళాకారిణి ఉన్నారు. క్లారినెట్, చెల్లో వాయించేవారు ఒక్కొక్కరు ఉన్నారు. వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత మాకు లేదు. మేము వాడుకునే హాలులో వాద్యకారులు కూర్చునే గుంట గాని, దృశ్యాలు మార్చే యంత్రాలు గాని లేవు. ప్రదర్శనకు ఐదు నెలల వ్యవధి ఉంది.

'బార్బర్' మాకు సాధ్యమేనా? కాకపోతే మరే కృతి తగినది? కథను సంభాషణలాగా నడిపించే రెచిటాటివో భాగాలను ఏమి చేయాలి? అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తెరచాటు:

మధ్యమశ్రుతి గారికి నమస్కారం. కృతిని ఎంచుకునే ముందు అందులోని పాటలను కాక, మన దగ్గర ఉన్న మనుషులను లెక్కపెట్టుకోవాలని నా అభిప్రాయం. ఆ లెక్క వేస్తే 'బార్బర్' మీకు మొదట్లోనే అడ్డం తిరుగుతుంది. అందులో కోరస్ పూర్తిగా పురుషులది: మొదటి దృశ్యంలో కిటికీ కింద పాడడానికి కిరాయికి వచ్చే సంగీతకారులు, ఆ అంకం చివర ఇంట్లో అల్లరి విని లోపలికి వచ్చే సైనికులు. స్త్రీ పాత్రలు రోసీనా, బెర్తా ఇద్దరే. అంటే మీ పదిహేను మందిలో పదముగ్గురు ఐదు నెలలపాటు తెర వెనుక కుర్చీలు సర్దుతూ ఉండవలసి వస్తుంది. స్త్రీలకు సైనికుల దుస్తులు వేసి, వారి వరుసను ఒక స్థాయి పైన పాడించవచ్చు గాని, అప్పుడు పుట్టే నవ్వు రొస్సీని ఉద్దేశించిన నవ్వు కాదు. పైగా ఆ కృతిలో ప్రధాన పాత్రలలో ఏ ఒక్కరు బలహీనంగా ఉన్నా బండి ముందుకు నడవదు. 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లోని తెయాత్రో అర్జెంతీనాలో తొలి ప్రదర్శన జరిగినప్పుడు, వృత్తి గాయకులు పాడినా, ప్రేక్షకులు గోల చేసి దానిని అభాసుపాలు చేశారు. ఆ పరాభవానికి పాటగాళ్ల సామర్థ్యం కంటె వేరే కారణాలే ఎక్కువని చెబుతారు, అది వేరే సంగతి.

మీ బలగానికి అతికినట్లు సరిపోయే కృతి దోనిజెత్తి రచించిన 'లెలిసీర్ దమోరె' (క్లుప్తంగా 'ఎలిసీర్'), అంటే ప్రేమరసాయనం. ఫెలీచె రొమానీ మాటలు రాసిన ఈ ఒపెరా 1832 మే 12న మిలాన్‌లోని కనొబ్బియానా రంగశాలలో మొదటిసారి ప్రదర్శితమైంది. కథ ఒక బాస్క్ గ్రామంలో జరుగుతుంది. చదువు వచ్చిన ఆదీనా, త్రిస్తాన్, ఇసోల్దల ప్రేమకథను ఊరివాళ్లకు చదివి వినిపిస్తుంది. ఆమెను ప్రేమించే అమాయకుడు నెమొరీనో, అటువంటి మందు తనకూ దొరికితే బాగుండునని ఆశపడతాడు. ఊరూరా తిరిగే దుల్కమారా అనే నకిలీ వైద్యుడు బోర్దో ద్రాక్షసారాను మందని చెప్పి అతనికి అంటగడతాడు. రెండవ సీసా కొనడానికి డబ్బు లేక నెమొరీనో ఇరవై స్కూదీలకు సైన్యంలో చేరిపోతాడు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, కోరస్ ఈ కథకు అలంకారం కాదు. ఊరే ఈ కథలో ఒక పాత్ర. మందును నమ్మేది ఊరు, కొనేది ఊరు, పుకారు పుట్టించేది కూడా ఊరే. నెమొరీనో మేనమామ చనిపోయి ఆస్తి అతనికి వచ్చిందన్న వార్తను జన్నెత్తా తక్కిన స్త్రీలకు గుసగుసగా చెప్పే సన్నివేశం రెండవ అంకంలో ఉంది. అది పూర్తిగా స్త్రీల కోరస్. బిగ్గరగా పాడవలసిన పని లేదు, మాటలు స్పష్టంగా, చిన్న గొంతుతో, ఒకే ఊపిరిగా పలికితే చాలు. మీ పదిహేను మంది కోసమే రాశారా అన్నట్లుంటుంది.

కోరస్‌లోని ప్రతి ఒక్కరి చేత తమ పాత్ర ఎవరో, ఊళ్లో ఎవరికి ఏమవుతారో, దుల్కమారా దగ్గర ఏ జబ్బుకు మందు కొంటారో ముందే నిర్ణయింపజేయండి. ఇలా చేయకపోతే, వరుసగా నిలబడడానికి అలవాటుపడిన గాయకులు రంగస్థలం మీద కూడా అర్ధచంద్రాకారంలో నిలబడి కండక్టర్ వైపే చూస్తూ ఉండిపోతారు. రంగాలంకరణ విషయానికి వస్తే, మూలంలో స్థలం కొన్నిసార్లు మారినా, ఒకే కూడలిలో కథ అంతా నడిపించవచ్చు. 'బార్బర్' అయితే వసారా, నిచ్చెన, తాళం వేసిన గది లేకుండా కదలదు. చివరలో ఆ నిచ్చెన మాయం కావడమే కథకు కీలకం.

నల్లమెట్లు:

రెచిటాటివో గురించి, పియానో గురించి నాకు తెలిసినది చెబుతాను; కొన్నేళ్లుగా ఇటువంటి బృందాలకు సాధనలో పియానో వాయిస్తున్నాను.

'బార్బర్' లోనూ, 'ఎలిసీర్' లోనూ పాటల మధ్య సంభాషణ చాలావరకు పొడి రెచిటాటివోగా, అంటే పియానో వంటి మీటల వాద్యం ఒకటి, దానికి తోడుగా చెల్లో మాత్రమే ఆధారంగా నడుస్తుంది. కాగితం మీద స్వరాలకు కాలపరిమాణం రాసి ఉంటుంది కాని, దానిని లెక్కపెట్టి పాడితే పాఠం అప్పజెప్పినట్లు ఉంటుంది. మాట్లాడే వేగంతో పలకాలి, అదే సమయంలో స్వరం తప్పకూడదు. అభ్యాసం లేనివారికి అరియాల కంటె, అంటే ఒంటరిగా పాడే పాటల కంటె, ఇదే కష్టం. అందువల్ల వాటిలో ముప్పాతిక వంతు తీసివేసి, ఆ స్థానంలో ప్రేక్షకుల భాషలో చిన్న చిన్న సంభాషణలు పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ప్రతి రెచిటాటివో చివర వచ్చే రెండు ముగింపు మేళవింపులు తరువాతి పాటకు శ్రుతిని అందిస్తాయి. మాటలు తీసివేసినా ఆ రెండింటిని తీసివేయకండి. లేకపోతే సంభాషణ ముగించిన గాయకుడు గాలిలోనుంచి శ్రుతి పట్టుకోవలసి వస్తుంది. ఎవరైనా దోనిజెత్తిదే అయిన మరో హాస్య ఒపెరా 'దోన్ పస్క్వాలె' సూచిస్తే ఒక తేడా గుర్తుంచుకోండి: అందులో రెచిటాటివోలకు తంత్రీవాద్యాల తోడు ఉంటుంది, అవి పాటలతో మరింత గట్టిగా అల్లుకొని ఉంటాయి, కత్తిరింపు అంత సులువు కాదు.

కుదింపు ఎక్కడ చేయాలన్నది రెండవ ప్రశ్న. అరియా చివర వేగంగా వచ్చే కబలెత్తా అనే భాగం సాధారణంగా రెండుసార్లు వస్తుంది. ఒక ఆవృత్తి తీసివేస్తే ఎవరికీ లోటు తెలియదు. 'బార్బర్' చివరలో టెనర్ పాడే పెద్ద అరియాను వృత్తి రంగశాలలు కూడా చాలాకాలం వదిలివేస్తూ వచ్చాయి. రొస్సీని స్వయంగా ఆ సంగీతాన్ని 1817లో 'లా చెనెరెంతోలా' ముగింపు కోసం మళ్లీ వాడుకున్నాడు. కాబట్టి కత్తెర పట్టుకోవడం అపచారమేమీ కాదు. అయితే మొదటి అంకపు ఫినాలే, అంటే ఆ అంకం చివర అందరూ కలిసి పాడే భాగం లోపల మాత్రం కత్తెర పెట్టకండి. అది మెట్టు మెట్టుగా వేగం పెంచుకుంటూ, ఒక్కొక్క గొంతునూ కలుపుకుంటూ పోయే కట్టడం. మధ్యలో పది గీతలు తీసివేస్తే శ్రుతి మార్పు కుదరదు, నవ్వు కూడా ముందుగానే పగిలిపోతుంది.

పియానో సంగతి. వోకల్ స్కోర్‌లో, అంటే గాయకుల వరుసలు, పియానో మాత్రమే ఉండే స్వరలిపి పుస్తకంలో, ఉన్న పియానో భాగం వాద్యబృందం మొత్తాన్ని పది వేళ్ల మధ్య ఇరికించే ప్రయత్నం. ఉన్నది ఉన్నట్లు వాయిస్తే గాయకులు వినిపించరు. కింది స్వరం, పై వరుస నిలిపి, నడుమ ఉన్న దట్టమైన అల్లికను పలుచన చేయమని మీ కళాకారిణికి చెప్పండి. క్లారినెట్‌ను, చెల్లోను మొదటినుంచి చివరిదాకా వాయింపజేయడం కంటె నాలుగైదు చోట్ల మాత్రమే వాడుకుంటే వాటి రాక ఒక సంఘటన అవుతుంది. 'ఎలిసీర్' లో నెమొరీనో పాడే 'ఊన ఫుర్తీవ లాగ్రిమ' అనే ప్రసిద్ధమైన అరియాకు ముందు బసూన్ ఒంటరిగా వాయించే వరుస ఉంది. దానిని మీ చెల్లోకు ఇవ్వండి, హార్ప్ పాత్ర పియానోకు వదలండి. టెనర్ అలసిపోతాడన్నారు కనుక, ఆయన పాటలను అర స్వరమో ఒక స్వరమో కిందికి దించవచ్చు. అప్పుడు చెల్లో, క్లారినెట్ లిపిని కూడా మళ్లీ రాసుకోవాలి, దానికి ఒక వారం కేటాయించండి.

హక్కుల గురించి ఒక మాట. దోనిజెత్తి 1848లోనూ, రొస్సీని 1868లోనూ కన్నుమూశారు. వారి సంగీతం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, పాత ముద్రణలను స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కాని ఇటీవలి పరిష్కృత ప్రతులకు, చిన్న వాద్యబృందం కోసం ఎవరో చేసిన కూర్పులకు, ఇటీవలి అనువాదాలకు విడిగా హక్కులు ఉండవచ్చు. ఏ ప్రతిని నకలు తీస్తున్నారో ముందే చూసుకోండి.

పాతరాగం:

పై ఇద్దరూ చెప్పినదానిలో చాలావరకు ఏకీభవిస్తూనే, అసలు చిక్కును ఎవరూ పట్టించుకోలేదని చెప్పక తప్పదు. ఆ చిక్కు మీ టెనర్. నెమొరీనో తెర లేచిన కొద్దిసేపటికే పాడడం మొదలుపెడతాడు. ఆ తరువాత ఆదీనాతో యుగళం, దుల్కమారాతో యుగళం, మళ్లీ ఆదీనాతో, సైనిక సార్జెంటు బెల్కోరెతో కలిసి, ఆపై ఫినాలే, రెండవ అంకంలో బెల్కోరెతో మరో యుగళం. ఇవన్నీ ముగిశాక, ఇక చాలనిపించే సమయానికి, ప్రేక్షకులు దేనికోసం వచ్చారో ఆ 'ఊన ఫుర్తీవ లాగ్రిమ' వస్తుంది. అరగంటకే అలసిపోయే గొంతు అక్కడికి చేరేసరికి ఏ స్థితిలో ఉంటుందో ఊహించండి. ఆయనకు జలుబు చేస్తే మారుగా నిలబడేవారు మీకు లేరు. శ్రుతి దించడం పైస్వరాల బాధను తగ్గిస్తుంది గాని, పాడవలసిన నిమిషాలను తగ్గించదు.

నేనైతే మొదటి ప్రయత్నానికి పెర్గొలేసీ రచించిన 'లా సేర్వా పద్రోనా' తీసుకుంటాను. పని మనిషి సెర్పీనా యుక్తి పన్ని యజమాని ఉబేర్తోను పెళ్లాడే కథ అది. పాడే పాత్రలు ఒక సొప్రానో, ఒక బేస్. మూడవవాడైన వెస్పోనె మూగ పాత్ర, ఒక్క మాట లేకుండా ముఖకవళికలతోనే నవ్వించాలి. మీ బారిటోన్ నటనలో సిద్ధహస్తుడని రాశారు, ఆయన పాడకుండా ఎంత నవ్వించగలడో చూడవచ్చు. మొత్తం నిడివి సుమారు ముప్పావుగంట. మూలంలోనే తంత్రీవాద్యాలు, తోడు వాద్యం తప్ప మరేమీ లేవు కనుక పియానో, చెల్లోలతో ప్రదర్శిస్తే కూడా చిక్కిపోయినట్లు కనిపించదు. 1733లో నేపుల్స్‌లో పెర్గొలేసీ తన గంభీరమైన ఒపెరా ఒకదాని అంకాల మధ్య విరామంలో ఆడడానికి దీనిని రాశాడు. ఆ పెద్ద ఒపెరాను ఇప్పుడు తలచేవారు అరుదు. ఈ విరామ వినోదం మాత్రం 1752లో పారిస్‌లో ఆడినప్పుడు, ఇటాలియన్ సంగీతం గొప్పదా ఫ్రెంచి సంగీతం గొప్పదా అని రచయితలు రెండు వర్గాలుగా చీలి కరపత్రాలతో కొట్టుకునేంత దూరం వెళ్లింది.

ఇందులో కోరస్ లేదన్నది నిజమే, మీ ఇరవై మంది ఏమి చేయాలన్న ప్రశ్న న్యాయమైనదే. చిమరోజా రచించిన 'ఇల్ మత్రిమోనియో సెగ్రేతో' అయితే ముగ్గురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. మీ ఆరుగురికీ సరిగ్గా సరిపోతుంది గాని దానిలోనూ కోరస్ లేదు, నిడివి మాత్రం చాలా ఎక్కువ. 1792లో వియన్నాలో లియోపోల్డ్ చక్రవర్తి భోజనం పెట్టించి మరీ అదే రాత్రి మొత్తం రెండవసారి పాడించుకున్నాడని ప్రసిద్ధి. మీ ప్రేక్షకులు అంతటి ఓపిక చూపుతారని ఆశించకండి.

మధ్యమశ్రుతి:

ముగ్గురికీ ధన్యవాదాలు. పాతరాగం గారి మాట విన్నాక మా టెనర్‌ను ఒక సాయంత్రం కూర్చోబెట్టి, నెమొరీనో పాటలన్నీ వరుసగా, పూర్తి గొంతుతో పాడించి చూశాము. మొదటి అంకపు ఫినాలే దగ్గరే గొంతు బొంగురుపోయింది. ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడ్డాము గాని, తన పాటలలో ఏవి తీసివేయాలో తానే గుర్తులు పెట్టుకొని వచ్చారు.

కోరస్‌ను వదులుకోవడానికి మాత్రం మనసు ఒప్పలేదు. ఈ ప్రయత్నం మొదలైందే అందరూ కలిసి చేయడానికి. కాబట్టి 'ఎలిసీర్' ను గంటన్నరకు కుదించాలని నిర్ణయించుకున్నాము. బెల్కోరెతో యుగళంలో మొదటి సగం సంభాషణగా మారుతుంది. విరామాన్ని అంకాల మధ్య కాక ఆ యుగళం తరువాత పెడుతున్నాము. స్త్రీల గుసగుసల కోరస్, ఆదీనాతో దుల్కమారా యుగళం ముగిసేదాకా టెనర్‌కు పెద్దగా పని ఉండదు కనుక, చివరి అరియాకు ముందు ఆయన గొంతుకు తగినంత విశ్రాంతి దొరుకుతుంది. 'లా సేర్వా పద్రోనా' ను వచ్చే ఏటికి దాచుకుంటున్నాము.

మిగిలిన సందేహం భాష గురించి. ఇటాలియన్‌లోనే పాడాలా, తెలుగులోకి తెచ్చుకోవాలా? తెర మీద అనువాదం చూపిస్తే సరిపోతుందా?

ద్విపద:

పాటల అనువాదంలో కొంత చేయి కాల్చుకున్నవాడిని కనుక చెబుతున్నాను. అన్నిటికీ ఒకే నియమం పెట్టుకోకండి. ఎక్కడ మాటలోనే హాస్యం ఉందో అక్కడ తెలుగు, ఎక్కడ రాగమే భావాన్ని మోస్తుందో అక్కడ ఇటాలియన్ ఉంచండి. దుల్కమారా ఊరి మధ్య నిలబడి తన మందు ఏయే రోగాలను కుదురుస్తుందో గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టే పాట ప్రేక్షకులకు మాట మాటా తెలియాలి. తెర మీద చదువుకునే నవ్వు ఎప్పుడూ ఒక క్షణం ముందో వెనుకో వస్తుంది. 'ఊన ఫుర్తీవ లాగ్రిమ' మాత్రం తెలుగులోకి తేవద్దు. దానిలో పాదాలు కొన్ని చివరి అక్షరం మీద ఊనికతో, పొడుగు స్వరంతో ముగుస్తాయి. తెలుగు మాటలు ఎక్కువగా హ్రస్వంతో ముగుస్తాయి కనుక, ఆ హ్రస్వాన్ని సాగదీస్తే మాట అర్థమే మారిపోయే ప్రమాదం ఉంది. తెలుగు చేసిన చోట పాదం చివర సంబోధననో, 'ఏ'కారంతో ముగిసే మాటనో పెట్టుకుంటే ఈ చిక్కు కొంత తీరుతుంది.

ఇటాలియన్ ఉచ్చారణ తెలుగు నోటికి దాదాపు పుట్టుకతో వచ్చినట్లే ఉంటుంది. మాటలు అచ్చులతో ముగుస్తాయి, ద్విత్వాలు మనలాగే నొక్కి పలుకుతారు, త, ద లు మనవి లాగే దంత్యాలు. ప్రమాదం ఒక్కచోటే. ఆదీనా, దుల్కమారా కలిసి పాడే 'ఇయో సోన్ రిక్కో ఎ తూ సేయి బెల్లా' అనే పాదంలో 'రిక్కో' చివరి ఒకారం, తరువాతి ఎకారం రెండూ ఒకే స్వరం మీద పడాలి. సంధికి అలవాటుపడిన మన నాలుక మొదటి అచ్చును మింగివేస్తుంది, లేదా జాగ్రత్తపడి రెండింటికీ రెండు స్వరాలు కేటాయిస్తుంది. రెండూ తప్పే. అచ్చులు రెండూ వినబడాలి, స్వరం ఒక్కటే ఉండాలి. ఇటువంటి చోట్లన్నిటినీ మొదటి వారంలోనే పుస్తకంలో పెన్సిలుతో విల్లు గీసి గుర్తించండి. తప్పుగా పాతుకుపోతే తరువాత సరిదిద్దడం చాలా కష్టం.

తెరచాటు:

మంచి నిర్ణయం. విరామాన్ని జరపడం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. రెండు విషయాలు మాత్రం చేర్చుతాను. సాధనను మొదటి పాటతో కాక మొదటి అంకపు ఫినాలేతో మొదలుపెట్టండి. అరియాలు ఎవరికి వారు ఇంట్లో నేర్చుకోగలరు. అందరూ ఒకేచోట ఉన్న సాయంత్రాలు తక్కువ, అవన్నీ బృందగానాలకే చెందాలి. వేగంగా పలికే భాగాలను ముందు రాగం లేకుండా, లయతో మాటలుగా, నిదానంగా పలికించి, వారం వారం కొద్దికొద్దిగా వేగం పెంచండి.

రెండవది, గుంట లేదు కనుక పియానోను రంగస్థలం పక్కన, మీ కళాకారిణి ముఖం గాయకుల వైపు ఉండేలా పెట్టండి. కండక్టర్ చేతి కంటె ఆమె ఊపిరి తీసుకోవడం చూసి పాట అందుకోవడమే చిన్న బృందానికి సులువు. అయితే దుల్కమారా ఊళ్లోకి వచ్చేముందు బయటినుంచి ఒక బూర మోగుతుంది. దానిని మాత్రం పియానో మీద వాయించకండి, క్లారినెట్‌కూ ఇవ్వకండి. ఎవరినైనా అడిగి నిజమైన ట్రంపెట్ ఒకటి ఆ రెండు నిమిషాల కోసం తెప్పించి, ప్రేక్షకుల వెనుకనుంచి ఊదించండి. హాలు మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది, ఆ లోగా మీ కోరస్ తమ తమ చోట్లకు చేరుకోవచ్చు.